పెరట్లో ఈతకొలనా? ముందు నూతిలోకి తొంగి చూడండి

ఈసారి గోడల పగుళ్ళు, మేడ మీద ట్యాంకుల లీకులు అన్నీ పక్కన పెట్టి ఒకే విషయం తీసుకుంటున్నాను. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఒక్క నెలలో నాలుగు ఉత్తరాలు పెరట్లో స్విమ్మింగ్ పూల్ గురించే వచ్చాయి. మొదటిదానికి జవాబు కొంచెం పెద్దదే అయింది, మిగతావాళ్ళకూ పనికొచ్చే సంగతులు అందులోనే ఉన్నాయి కాబట్టి అందరూ దాన్ని కూడా చదవండి.

ప్రశ్న: ఇంజినీరు గారికి నమస్కారం. నేను రిటైరైన స్కూలు మాస్టారిని. శ్రీకాకుళం ఊరి చివర నాగావళికి దగ్గర్లో మాకు 20 సెంట్ల స్థలం, అందులో పడమర వాకిలి ఇల్లు ఉన్నాయి. డాలస్‌లో ఉంటున్న మా అబ్బాయి, పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు ఈత కొడతారు, పెరట్లో పూల్, పక్కనే స్పా (వేడి నీళ్ళలో కూర్చునే తొట్టె) కట్టించండి, డబ్బు పంపిస్తానంటున్నాడు. ఒక బిల్డరు వచ్చి చూసి 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, లోతు 4 నుంచి 8 అడుగులు అని ఒక్క కాగితం మీద మొత్తం రేటు రాసిచ్చాడు. సగం అడ్వాన్సు అడుగుతున్నాడు. ఇంటి వెనక గోడకు 4 అడుగుల దూరంలోనే గొయ్యి తీస్తాడట. ఈ కొలతలు సరేనా? కాంక్రీటు మంచిదా, ఫైబర్ మంచిదా? మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, బీపీ కూడా ఉంది, స్పాలో కూర్చోవచ్చా? ఈశాన్యంలో మా నాన్నగారి నాటి నుయ్యి ఒకటుంది, ఎండాకాలం నీళ్ళు 20 అడుగులకు దిగిపోతాయి, వానాకాలం 5 అడుగుల్లోకి వచ్చేస్తాయి. దాన్ని పూడ్చేస్తే పెరడు చక్కగా వస్తుందని బిల్డరు అంటున్నాడు. పూడ్చమంటారా?

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో అసలు మాట చివర్న, అదేదో చిన్న సంగతన్నట్టు రాశారు. ఆ నూతిని దయచేసి పూడ్చకండి. మీ పూల్ ఎంత లోతుండాలో, ఏ నెలలో గొయ్యి తీయాలో, ఫైబరా కాంక్రీటా అన్నది కూడా ఆ నుయ్యే చెప్తుంది.

పూల్ అంటే లోపలి నీళ్ళు బయటికి పోకుండా కట్టే తొట్టె అనుకుంటాం. నది ఒడ్డున, సముద్రం వార ఉన్న మన నేలల్లో ముందు ఆలోచించాల్సింది బయటి నీళ్ళ గురించి. వానాకాలం భూమిలో నీరు పైకొచ్చి ఆ తొట్టెను కింద నుంచి నెడుతుంది. నిండు గోలెంలో ఖాళీ చెంబును నిటారుగా పట్టి అదిమి చూడండి, చేతిని ఎలా పైకి తంతుందో తెలుస్తుంది. పూల్ ఆ చెంబు లాంటిదే.

లెక్క చెప్తాను, మాస్టారు కాబట్టి మీకు విసుగు పుట్టదు. ఒక అడుగు ఎత్తు నీరు ఒక చదరపు అడుగు నేల మీద చూపించే ఒత్తిడి 28 కిలోలు. మీ బిల్డరు చెప్పినట్టు 8 అడుగుల లోతు తవ్వి, కింద 9 అంగుళాల కాంక్రీటు స్లాబు వేస్తే, ఆ స్లాబు అడుగు భాగం నేల మట్టానికి 8 అడుగుల 9 అంగుళాల కింద ఉంటుంది. వానాకాలం మీ నూతిలో నీరు 5 అడుగుల్లో ఉంటుందన్నారు కదా, అంటే స్లాబు కింద మూడు ముప్పావు అడుగుల నీరు పైకి నెడుతూ ఉంటుంది, చదరపు అడుగుకు దాదాపు 105 కిలోలు. 9 అంగుళాల స్లాబు బరువు చదరపు అడుగుకు 53 కిలోలే. పూల్ నిండుగా ఉన్నంతకాలం లోపలి నీళ్ళ బరువు దాన్ని అదిమి పట్టి ఉంచుతుంది. ఖాళీ చేసిన రోజు ఏమవుతుంది?

ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. కొన్నేళ్ళ కిందట భోగాపురం వైపు, సముద్రానికి దగ్గర్లో ఒక ఇంటివాళ్ళు ఫోన్ చేస్తే వెళ్ళాను. అక్టోబరు నెల, నాలుగు రోజులుగా ముసురు. నాచు పట్టిందని పనివాడు పూల్లో నీళ్ళన్నీ తోడేసి, బ్రష్షుతో రుద్ది, మర్నాడు నింపుదామని వెళ్ళిపోయాడట. తెల్లారేసరికి లోతు వైపు భాగం జానెడు పైకి లేచి ఉంది. గట్టు రాళ్ళు ఒక పక్క పచ్చికతో సమానంగా, ఇంకో పక్క జానెడు ఎత్తున ఉన్నాయి. నీలం టైల్స్ మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా స్కేలు పెట్టి గీసినట్టు ఒక పగులు, దాంట్లోంచి చల్లటి ఊటనీరు సన్నగా ఉబుకుతోంది. ఇంటాయన చెప్పులు చేత్తో పట్టుకుని ఆ నీళ్ళలో నిలబడి "ఇది మళ్ళీ కిందికి దిగుతుందా అండీ?" అని అడిగారు. దిగలేదు. మొత్తం పగలగొట్టి తీయించాల్సి వచ్చింది. కట్టినవాళ్ళు నేల మంచిది కాదన్నారు. నేలలో ఏ దోషమూ లేదు, గొయ్యి తీసేముందు ఎవరూ ఆ పక్క తోటలో ఉన్న నూతిలోకి తొంగి చూడలేదు, అంతే.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పనికి పైసా ఖర్చు లేదు. ఇప్పుడు శ్రావణం. ఒక తాడుకు రాయి కట్టి, అడుగుకో ముడి వేసుకుని, దీపావళి దాకా నెలకు రెండుసార్లు నూతిలో నీటి మట్టం కొలిచి డైరీలో రాయండి. నాగావళికి వరద వచ్చిన వారం తప్పకుండా కొలవండి. ఆ పుస్తకం చేతిలో పెట్టుకునే బిల్డరుతో మాట్లాడాలి. సంక్రాంతి వెళ్ళాక నీరు దిగుతుంది, గొయ్యి అప్పుడు తీయించండి, ఏప్రిల్ లోపల కాంక్రీటు పని అయిపోవాలి. వానల్లో తీసిన గోతిలో మోటారు పెట్టి తోడుతూ కాంక్రీటు పోసే పని మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి, సిమెంటు పాలు నీళ్ళతో పాటు కొట్టుకుపోతాయి.

ఇక కొలతలు. 8 అడుగుల లోతు ఎవరికోసం? పెరటి పూల్లో డైవింగ్ చేయకూడదు, 8 అడుగులున్నా తల నేలకు తగిలే ప్రమాదం ఉంది. మీ పిల్లలకు, మీ ఆవిడకు మూడున్నర అడుగుల నుంచి 5 అడుగులు చాలు. 26 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు పెట్టుకోండి. దీంట్లో దాదాపు 40,000 లీటర్లు పడతాయి. బిల్డరు చెప్పిన సైజులో అయితే 76,000 లీటర్లు. నీళ్ళు, మందులు, కరెంటు, అన్నిట్లోనూ దాదాపు సగం మిగులుతుంది. ఇందాకటి లెక్క మళ్ళీ వేయండి: 5 అడుగుల లోతుకు స్లాబు అడుగు 5 అడుగుల 9 అంగుళాల్లో ఉంటుంది, మామూలు వానాకాలంలో కింద నుంచి నెట్టే నీరు ముప్పావు అడుగే, అంటే 21 కిలోలు. స్లాబు బరువు 53 కిలోలు. లోతు తగ్గించడం ఒక్కదాంతోనే ఎంత తేడా వచ్చిందో చూడండి.

అయినా వరద వచ్చి నీరు నేల మట్టం దాకా లేస్తే ఈ లెక్క చాలదు. అందుకని స్లాబు కింద అర అడుగు మందాన కంకర పరిపించి, ఆ కంకరలోంచి ఒక మూలన 6 అంగుళాల పీవీసీ పైపు నిటారుగా పైదాకా తెప్పించండి. మూత తీసి టార్చి వేస్తే పూల్ కింద నీరు ఎంతవరకు వచ్చిందో కనిపిస్తుంది, అవసరమైతే చిన్న మోటారు దించి తోడేయొచ్చు. పూల్ అడుగున డ్రెయిన్‌లో హైడ్రోస్టాటిక్ వాల్వ్ అని ఒకటి పెడతారు, బయటి నీటి ఒత్తిడి ఎక్కువైతే అది తెరుచుకుని ఆ నీటిని పూల్లోకి రానిస్తుంది. చిన్న వస్తువు, కొటేషన్‌లో దాని పేరు ఉండి తీరాలి. జూన్ నుంచి డిసెంబరు దాకా ఏ కారణం చేతనైనా పూల్‌ను ఖాళీ చేయకండి. ఈ ఒక్క మాట మోటారు గది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించండి, ఎందుకంటే మీరు ఊళ్ళో లేనప్పుడు పనివాడు చేసే పని అదే.

ఫైబర్ సంగతి ఇప్పుడు మీకే తెలిసిపోయి ఉంటుంది. ఫైబర్ తొట్టె తెచ్చి గోతిలో దించితే పని వారం పది రోజుల్లో అయిపోతుంది, నున్నగా ఉంటుంది, నాచు తక్కువ పడుతుంది. నీరు లోతున ఉన్న మెట్ట నేలల్లో వద్దనను. మీ నేలలో మాత్రం వద్దు, తేలికైనది కాబట్టి ముందు లేచేది అదే.

కాంక్రీటు అంటే ఇంటి స్లాబు వేసే కాంక్రీటు కాదు. నీళ్ళ ట్యాంకులకు ఐఎస్ 3370 అని వేరే ప్రమాణం ఉంది, దాని ప్రకారం ఎం30 గ్రేడు కావాలి. నేల స్లాబూ గోడా కలిసే చోట నీళ్ళు కారతాయి, అక్కడ పీవీసీ వాటర్ స్టాపర్ పట్టీ పెట్టమనండి, పెట్టాక ఫోటో తీసి అబ్బాయికి పంపండి, కాంక్రీటు పోశాక అది ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఇసక నాగావళిదో వంశధారదో వాడించండి, సముద్రపు ఇసక ఒక్క తట్ట కూడా రానీయకండి, దాంట్లో ఉప్పు లోపలి ఇనుమును తినేస్తుంది. ఈ సైజుకు సుమారు 15 ఘనపు మీటర్ల కాంక్రీటు, టన్నున్నర దాకా ఇనుము పడుతుంది. డిజైన్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ, ఎవరైనా అరటన్నుతో అయిపోతుందంటే ఆయన్ని అక్కడే ఆపండి. క్యూరింగ్ రెండు వారాలు తగ్గకూడదు, స్లాబు మీద నీళ్ళు నిలబెట్టి, గోడలకు తడి గోనె సంచులు వేలాడదీసి, ఎండ ముదిరితే రోజుకు నాలుగుసార్లు తడపాలి.

ఇంటి గోడకు 4 అడుగుల దూరం అస్సలు పనికిరాదు. పునాది పక్కనే 6 అడుగుల గొయ్యి తీస్తే పునాది కింద మట్టి ఆ గోతిలోకి జారుతుంది. కనీసం 10 అడుగులు వదలండి. నూతికీ అంతే దూరం ఉండాలి. వాస్తు గురించి మీరు అడగలేదు గానీ ఇంట్లో ఎవరైనా అడుగుతారు: నీళ్ళు ఈశాన్యం, తూర్పు, ఉత్తరం వైపు ఉండాలంటారు, మీ ఇల్లు పడమర ముఖం కాబట్టి పెరడు ఎలాగూ తూర్పే. పొద్దుటి ఎండ నీళ్ళ మీద పడుతుంది, సాయంత్రం నాలుగు దాటాక ఇంటి నీడ వస్తుంది, పిల్లలు ఆడుకునే వేళకు గట్టు మీద కాళ్ళు కాలవు. వాస్తుకూ ఎండకూ ఇంత చక్కగా కుదరడం అరుదు. గొయ్యి తీస్తే 35 ట్రాక్టర్ల దాకా మట్టి వస్తుంది, అది ఎక్కడ పోస్తారో, పెరట్లోకి జేసీబీ వెళ్ళే దారి ఉందో లేదో ముందే చూసుకోండి. దారి కోసం పని మధ్యలో ప్రహరీ పగలగొట్టినవాళ్ళు నాకు తెలుసు.

మీ ఆవిడ విషయానికొస్తే, మోకాళ్ళకు స్పా కంటే పూల్లో నడకే ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం. నడుము లోతు నీళ్ళలో నిలబడితే కాళ్ళ మీద పడే బరువు సుమారు సగానికి తగ్గుతుంది. అందుకని నిలువు నిచ్చెన ఒక్కటే పెట్టి ఊరుకోకండి, వెడల్పాటి మెట్లు, పట్టుకోవడానికి స్టీలు రైలింగు పెట్టించండి. గట్టుకు మన టెక్కలి నీలి గ్రానైట్ పెట్టించుకోండి, అందంగా ఉంటుంది, కానీ పాలిష్ చేసినది వద్దు, తడి కాలికి జర్రున జారుతుంది, మంట పెట్టి గరుకు చేసిన ఫ్లేమ్డ్ రకం తీసుకోండి. ఆ వయసులో ఒక్కసారి జారితే తుంటి ఎముక.

స్పా నీటి వేడి 40 డిగ్రీలు దాటకూడదు, 38 చాలు. వేడి నీళ్ళలో రక్తనాళాలు వదులై, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. బీపీ మందులు వాడుతున్నారు కాబట్టి డాక్టరు గారిని అడిగాకే, అదీ 10 నిమిషాలకు మించకుండా, పక్కన మీరు ఉండగానే కూర్చోవాలి. గర్భిణులు, అయిదేళ్ళ లోపు పిల్లలు అసలు దిగకూడదు. ఖర్చు లెక్క కూడా చూసుకోండి. నలుగురు కూర్చునే స్పాలో 1,200 లీటర్లు పడతాయి. పుష్య మాసంలో 26 డిగ్రీలున్న నీళ్ళను 38కి తేవడానికి 16, 17 యూనిట్ల కరెంటు కాలుతుంది, 6 కిలోవాట్ల హీటరుతో దాదాపు మూడు గంటలు. త్రీఫేజ్ కనెక్షన్ లేకపోతే ముందు దానికి దరఖాస్తు పెట్టాలి. మనవలు వచ్చేది మే, జూన్‌లో, ఆ ఎండల్లో వేడి నీళ్ళలో ఎవరూ కూర్చోరు. అందుకే నా సలహా ఏమిటంటే, ఇప్పుడు స్పాకు చోటు, పైపులు, కేబులు గొట్టం మాత్రం వదిలించండి. డాక్టరు సరేనంటే, మీ ఆవిడకు ఇష్టమైతే, వచ్చే ఏడాది కట్టుకోవచ్చు. ఎప్పుడు కట్టినా దాని మోటారు, ఫిల్టరు పూల్‌వి కాకుండా వేరుగా ఉండాలి.

చివరగా ఆ ఒక్క కాగితం. మొత్తం రేటు రాసిన కాగితం కొటేషన్ కాదు. తవ్వకం ఎంత, కాంక్రీటు ఏ గ్రేడు, ఇనుము ఎన్ని కిలోలు, టైల్స్ ఏ రకం, మోటారు ఏ కంపెనీ ఎన్ని హెచ్‌పీ, ఫిల్టరు సైజు, వాల్వులు, లైట్లు, ఎర్తింగు, ఒక్కొక్కటీ విడిగా రాయాలి. స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం ఉన్న డ్రాయింగు ఉండాలి, పంచాయతీకో మున్సిపాలిటీకో ఇచ్చే ప్లానులో పూల్ కూడా చూపించాలి. సగం అడ్వాన్సు ఇవ్వకండి. మొదట 10 శాతం, నేల స్లాబు పడ్డాక 20, గోడలయ్యాక 30, నీళ్ళ పరీక్ష నెగ్గాక 20, టైల్స్, మోటారు బిగించాక 10, నెల రోజులు నడిచి చూశాక మిగతా 10. నీళ్ళ పరీక్ష అంటే టైల్స్ వేయకముందు కాంక్రీటు తొట్టెను నిండా నింపి, వారం ఊరనిచ్చి, తర్వాత ఇంకో వారం మట్టం కొలవడం. టైల్స్ వేశాక లీకు పట్టడం ఎవరి వల్లా కాదు. "మా పనిలో లీకులుండవండీ, ఈ పరీక్షలెందుకు" అన్న బిల్డరును నేనైతే పెట్టుకోను.

ప్రశ్న: సార్, మాది విజయనగరం. పూల్ కట్టించి పది రోజులైంది. బోరు నీళ్ళతో నింపితే అద్దంలా ఉన్నాయి. క్లోరిన్ వేసిన గంటకే టీ డికాషన్ రంగులోకి మారిపోయాయి. టైల్స్ రంగు దిగిందని మా ఇంట్లో, మందు ఎక్కువైందని పనివాడు అంటున్నారు. బిల్డరు ఫోన్ ఎత్తడం లేదు. అదీకాక రోజూ పావు అంగుళం నీరు తగ్గుతోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, కంగారు పడకండి, టైల్స్ రంగూ కాదు, మందు దోషమూ కాదు. మీ బోరు నీళ్ళలో ఇనుము ఉంది. భూమిలో ఉన్నప్పుడు అది కరిగి ఉంటుంది, కంటికి కనిపించదు. క్లోరిన్ తగలగానే తుప్పుగా మారి బయటపడుతుంది. నింపేముందు తెల్ల బకెట్లో బోరు నీళ్ళు పట్టి, రెండు చుక్కల క్లోరిన్ వేసి గంట ఆగితే ఈ సంగతి తెలిసిపోయేది. పూల్ కట్టబోయేవాళ్ళందరూ ఈ బకెట్ పరీక్ష చేసుకోండి, రంగు మారితే బోరు లైనుకు ఐరన్ ఫిల్టరు పెట్టాకే నింపాలి.

ఇప్పుడు చేయాల్సింది ఏమిటంటే, ఇంకా క్లోరిన్ పోయకండి. వానాకాలం కాబట్టి ఖాళీ కూడా చేయకండి, ఎందుకో పై జవాబులో ఉంది. మన పెద్దలు బురద నీళ్ళలో పటిక తిప్పేవారు కదా, అదే వైద్యం. 40,000 లీటర్లకు రెండు కిలోల లోపు పటిక బకెట్ల నీళ్ళలో కరిగించి పూలంతా సమంగా చల్లి, మోటారు ఆపి రాత్రంతా కదపకుండా వదిలేయండి. పొద్దున్నకి తుప్పంతా నేల మీద పల్చటి దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. వాక్యూమ్‌తో నెమ్మదిగా లాగండి, అప్పుడు ఫిల్టరు వాల్వు "వేస్ట్" మీద, అంటే నీళ్ళు నేరుగా బయటికి పోయేలా ఉండాలి, మామూలుగా ఫిల్టరు మీద ఉంచితే ఆ మడ్డి అంతా ఫిల్టరు లోపలి ఇసకలో ఇరుక్కుంటుంది. పటిక వేస్తే పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) తగ్గుతుంది, కాబట్టి మర్నాడు చూసి సరిచేయండి. ఒక్కసారికి పోకపోతే మళ్ళీ చేయండి.

తర్వాత రోజువారీ గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు మూడే: పీహెచ్ 7.2 నుంచి 7.8, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), పీహెచ్ నిలకడగా ఉండేలా చూసే ఆల్కలినిటీ 80 నుంచి 120 పీపీఎం. చిన్న టెస్టు కిట్‌తో రెండు నిమిషాల పని, క్లోరిన్‌ను ఎండ తినేస్తుంది కాబట్టి సాయంత్రం చూసి వేయడం మంచిది. కళ్ళు మండి ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందనుకుంటారు, చాలాసార్లు అది చెమట, నూనె లాంటి వాటితో కలిసి చెడిపోయిన క్లోరిన్ వాసన. తలకు కొబ్బరి నూనె రాసుకుని దిగితే ఫిల్టరు ఇసక జిడ్డుకట్టి గడ్డలవుతుంది, ముందు తలస్నానం చేసి దిగమనండి. ఇంకోటి, పీహెచ్ తగ్గించే యాసిడ్‌నూ క్లోరిన్‌నూ ఒకే గదిలో పెట్టకండి, ఒకే మగ్గుతో ముట్టుకోకండి. రెండూ కలిస్తే వచ్చే గాలి ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది.

నీరు తగ్గడం గురించి బిల్డరును అడిగేముందు ఒక పరీక్ష చేయండి. బకెట్లో నీళ్ళు నింపి పూల్ మెట్టు మీద, సగం పైగా మునిగేలా పెట్టండి. బకెట్ లోపలి మట్టం దగ్గర ఒక గీత, బయట పూల్ మట్టం దగ్గర ఒక గీత గీసి, మోటారు ఆపి, 24 గంటలు ఎవరినీ దిగనీయకండి. రెండూ ఒకేలా తగ్గితే అది ఆవిరి. పూల్లో ఎక్కువ తగ్గితే లీకు, అప్పుడు ఆ రెండు గీతలకూ ఫోటో తీసి బిల్డరుకు పంపండి. 26 అడుగులకు 13 అడుగుల పూల్లో పావు అంగుళం అంటే రోజుకు 200 లీటర్లు, ఎండ, గాలి గట్టిగా ఉన్న రోజుల్లో అంతా ఆవిరే అయినా ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: అన్నగారూ, మాది సోంపేట దగ్గర కొబ్బరి తోట. తోటలో ఇంటి పక్కన పూల్ కట్టుకోవాలని ఆశ. 2018లో తిత్లీ తుపానుకు మా చెట్లు ఎన్ని పడిపోయాయో మీకు తెలుసు. తుపాను వస్తే పూల్ ఏమవుతుంది? మోటారు గది భూమిలోకి దించి కడితే గాలికి భయం ఉండదని మేస్త్రీ అంటున్నాడు.

జవాబు: తమ్ముడూ, మోటారు గది భూమిలోకి దించొద్దు. గాలికి భయం లేదు నిజమే, మొదట మునిగేది కూడా అదే. నేల మట్టానికి రెండడుగుల ఎత్తు దిమ్మ మీద మోటారు, ప్యానెల్ బోర్డు దానికంటే పైన ఉండాలి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టకుండా పూల్‌కు కరెంటు ఇవ్వొద్దు, నీళ్ళలో లైట్లు 12 వోల్టులవే వాడాలి, కరెంటు తీగలు పూల్ మీదుగా పోకూడదు.

చెట్టు ఎంత ఎత్తుందో కనీసం అంత దూరంలో పూల్ ఉంటే పడినా గట్టు మీద పడదు. తోటలో అంత చోటు దొరక్కపోతే ఇంటి పక్కన కాకుండా కళ్ళం లాంటి ఖాళీ జాగాలో కట్టుకో. కొబ్బరి కింద పూల్ ఫోటోకు బాగుంటుంది గానీ, కాయ నెత్తిన పడే చోట పిల్లల్ని ఆడనిస్తామా? ఆకు, పూత రాలి ఫిల్టరు రోజూ మూసుకుపోతుంది కూడా.

తుపాను హెచ్చరిక రాగానే పూల్ ఖాళీ చేయాలనిపిస్తుంది, అదే చేయకూడని పని. వాన నీటికి చోటు కోసం ఒక అర అడుగు దించి, క్లోరిన్ కొంచెం ఎక్కువ వేసి, మెయిన్ స్విచ్ తీసేయాలి. కుర్చీలు, గొడుగులు లోపల పెట్టేయాలి. ప్లాస్టిక్ కవరు పరచొద్దు, గాలికి లేచి ఎవరి మీద పడుతుందో తెలియదు. ఆ తర్వాత కరెంటు ఎన్నాళ్ళకు వస్తుందో మీ ఉద్దానం వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఫిల్టరు తిరగని నీళ్ళలో వారం పది రోజుల్లో దోమలు తయారవుతాయి, కాబట్టి కరెంటు లేకపోయినా ఆకులు తీసేసి రోజూ సాయంత్రం చేత్తో క్లోరిన్ చల్లుతూ ఉండు. చిన్న జనరేటర్ ఉంటే రోజుకు రెండు గంటలు మోటారు తిప్పినా చాలా మేలు.

ప్రశ్న: నమస్తే అండీ. మాది చీపురుపల్లి. మా మామగారు ఇంటి వెనక పూల్ కట్టిస్తున్నారు. మాకు మూడేళ్ళు, అయిదేళ్ళ పిల్లలిద్దరు. చుట్టూ కంచె వేయమంటే, అందం పోతుంది, ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం, ఎవరో ఒకరు చూస్తూనే ఉంటాం కదమ్మా అంటున్నారు. ప్రస్తుతం గొయ్యి తీసి వదిలేశారు, వానలకు పని ఆగింది, అందులో నీళ్ళు నిలిచాయి. నేను అనవసరంగా భయపడుతున్నానా?

జవాబు: అమ్మా, మీ భయం నూటికి నూరుపాళ్ళు సరైనది. ఈ జవాబు మీ మామగారికి చూపించండి, ఆయనకే రాస్తున్నాను.

బాబాయి గారూ, ఇంట్లో పదిమంది ఉన్నప్పుడే ఎవరికి వారు పక్కవాళ్ళు చూస్తున్నారనుకుంటారు. పండక్కి చుట్టాలొచ్చి ఇల్లంతా సందడిగా ఉన్న రోజే పెద్ద ప్రమాదం. నీళ్ళలో పడ్డ పసిబిడ్డ కేకలు వేయదు, చేతులు కొట్టదు, చప్పుడు లేకుండా మునుగుతుంది. మీరు ఫోన్ ఎత్తి రెండు మాటలు మాట్లాడి పెట్టే లోపల అయిపోతుంది. పెద్దల కన్ను ఉండాలి, కన్ను మరలిన క్షణం కోసం కంచె కూడా ఉండాలి.

కంచె 4 అడుగులకు తగ్గకూడదు. నిలువు కడ్డీలే ఉండాలి, అడ్డ కడ్డీలుంటే పిల్లలు మెట్లలా ఎక్కేస్తారు. కడ్డీకీ కడ్డీకీ మధ్య 4 అంగుళాల లోపు సందు. గేటు బయటికి తెరుచుకుని, వదిలితే దానంతటదే మూసుకోవాలి, గడియ 5 అడుగుల ఎత్తున ఉండాలి. కంచె పక్కన కుర్చీ, పూలకుండీ, తిరగేసిన బకెట్ ఏదీ పెట్టకూడదు. ఇంటి వంటగది తలుపు నేరుగా పూల్ వైపు తెరుచుకుంటే ఆ తలుపుకూ పై గడియ పెట్టించండి. అందం పోతుందనుకుంటే గట్టి గాజు పలకల కంచె వస్తోంది, ఖరీదెక్కువ, నీళ్ళు కనిపిస్తాయి.

కాంక్రీటు పోయకముందే బిల్డరుతో ఇంకో మాట తేల్చుకోండి. పూల్ అడుగున మోటారు లాగే డ్రెయిన్ ఒక్కటే ఉంటే, దాని మీద పిల్లవాడు కూర్చున్నా, ఆడపిల్ల జుట్టు దాంట్లో చిక్కినా ఆ లాగుడుకు పెద్దవాళ్ళు కూడా విడిపించలేరు. కనీసం మూడడుగుల దూరంలో రెండు డ్రెయిన్లు, రెండూ ఒకే పైపులో కలిసేలా, పైన ఉబ్బెత్తు జల్లెడ మూతలతో పెట్టించాలి. మూత ఊడిన రోజు మోటారు ఆపాలి, మూత వేసేదాకా ఎవరూ దిగకూడదు. ఇంట్లో ఇద్దరైనా నీళ్ళలో మునిగినవాళ్ళకు ఊపిరి ఊదడం, ఛాతీ నొక్కడం నేర్చుకోండి, 108 వచ్చేలోపు ఆ పిల్లవాడికి దక్కేది అదే.

అమ్మా, ఇవన్నీ పూల్ పూర్తయ్యేనాటికి. ఇప్పుడు నీళ్ళు నిలిచిన ఆ గొయ్యి పూల్ కంటే ప్రమాదం, అంచు బురదగా ఉంటుంది, మెట్టు ఉండదు, నీళ్ళు ఎర్రగా ఉండి అడుగు కనిపించదు. ఇవాళ సాయంత్రం లోపల మేస్త్రీని పిలిపించి, అంచుకు ఆరడుగుల దూరంలో చుట్టూ సరుగుడు కర్రలు పాతించి, రేకులు కట్టించండి. మేస్త్రీ రేపంటే ఊళ్ళో కర్రలు ఎవరి దగ్గర ఉన్నాయో కనుక్కుని మీ ఆయన్నే పాతమనండి. అది అయ్యేదాకా పెరటి తలుపుకు తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి.